దేవుడు నా మీద కోపగించుకున్నాడా? : సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మొదటి వాక్యం ఒకటే: "నిద్ర పట్టక రాస్తున్నాను." ఏళ్ల తరబడి ఆసుపత్రి వార్డుల్లో మంచాల పక్కన కూర్చుని ప్రార్థన చేసినవాడిని. రాత్రి రెండు గంటలప్పుడు భయం ఎంత పెద్దదిగా కనిపిస్తుందో నాకు తెలుసు. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వేకువ ప్రార్థనకు నాలుగున్నరకే లేస్తాను. ఆరు నెలలుగా గోడతో మాట్లాడినట్టే ఉంది. ఇదివరకు కన్నీళ్లు వచ్చేవి, ఇప్పుడు ఏమీ లేదు. దేవుడు నన్ను విడిచిపెట్టాడా?
– ఒక సోదరి, తెనాలి

లేదమ్మా. ఏమీ అనిపించకపోయినా నాలుగున్నరకు లేస్తున్నారు చూశారా, విడిచిపెట్టబడినవాళ్లు చేసే పని కాదది. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన మొరతో మొదలై చీకటితోనే ముగుస్తుంది. చివరన ఓదార్పు మాట ఒక్కటి కూడా లేదు, అయినా పెద్దలు దాన్ని గ్రంథంలోంచి తీసెయ్యలేదు. మదర్ థెరిసా చనిపోయిన పదేళ్లకు, 2007లో, ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చినప్పుడు లోకం నివ్వెరపోయింది. కలకత్తా వీధుల్లో సేవ చేసిన దాదాపు కాలమంతా ఆమె లోపల మీరు చెప్పే ఈ నిశ్శబ్దమే ఉండేదని అప్పుడే అందరికీ తెలిసింది.

ప్రార్థనలో ఎండిన రోజులు రావడం సహజం. కొన్నాళ్లు మాటలు తగ్గించి, ఒక కీర్తన చదివి లేవండి, చాలు. అయితే ప్రార్థన ఒక్కటే కాక వంట, పిల్లలు, ఇష్టమైన సీరియల్, ఏదీ రుచించకపోతే మాత్రం అది ఆత్మకు సంబంధించిన సంగతే అనుకుని కూర్చోకండి. రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్ కూడా మనిషిని ఇలాగే చప్పగా చేసేస్తాయి. ఒకసారి రక్త పరీక్ష చేయించుకోండి.

డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్నాను. మాత్ర మింగితే విశ్వాసం లేనట్టేనని మా ప్రార్థన గుంపులో ఒక పెద్దాయన అన్నారు. మూడు రోజుల క్రితం ఆపేశాను. ఇప్పుడు తల తిరుగుతోంది, భయంగా ఉంది. తప్పు చేశానా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

కంగారు పడకండి తమ్ముడూ, ఆ తల తిరుగుడు మాత్ర ఉన్నట్టుండి ఆపినందువల్ల రావచ్చు. ఇది చదవగానే మీ డాక్టరుకు ఫోన్ చేసి, మూడు రోజులు మానేశానని దాచకుండా చెప్పండి. మళ్లీ ఎలా మొదలుపెట్టాలో, ఎప్పటికైనా ఎలా తగ్గించాలో ఆయనే చెప్తారు.

ఇక విశ్వాసం మాట. పుండుతో మంచం పట్టిన హిజ్కియా రాజుకు ఇంకా 15 ఏళ్లు ఆయుష్షు ఇస్తానని దేవుడే వాగ్దానం చేశాడు. అయినా యెషయా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. వాగ్దానమూ మందూ ఒకే గదిలో ఉన్నాయి, ఒకదాన్ని చూసి ఇంకొకటి సిగ్గుపడలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్, 1900లో వెల్లూరులో ఒక్క మంచంతో ఆసుపత్రి మొదలుపెట్టిన ఐడా స్కడర్, ఇద్దరూ మిషనరీలే, ఇద్దరూ డాక్టర్లే. మన తాతముత్తాతల్లో ఎంతోమందికి సువార్త, మందు సీసా ఒకే చేతి నుంచి అందాయి. ఆ పెద్దాయన చెడ్డవారని నేననను. షుగరు మాత్ర, బీపీ మాత్ర గురించి ఇలా అనరు కదా అని మాత్రం అడుగుతాను.

చనిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

రాయడానికే చేతులు వణుకుతున్నాయి. మోకరించగానే యేసయ్య గురించి అసహ్యమైన మాటలు మనసులోకి దూసుకొస్తాయి. కావాలని అనుకోవడం లేదు. రోజుకు నలభై యాభై సార్లు క్షమించమని అడుగుతున్నాను. పరిశుద్ధాత్మకు విరోధమైన పాపం చేసేశానా?
– డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

లేదు బాబూ, ఆ పాపం మీరు చెయ్యలేదు. ఆ పాపం గురించి యేసు హెచ్చరిక ఎవరికి ఇచ్చాడో సువార్తలో చూడండి. గుడ్డివాడూ మూగవాడూ అయిన మనిషి కళ్లెదుట బాగుపడితే, అది దయ్యాల పని అని కొట్టిపారేసిన పెద్దమనుషులకు. వాళ్ల మాటల్లో మీకున్న ఈ వణుకు ఎక్కడా కనిపించదు. క్షమాపణ కోసం ఇంత తపించేవాడు క్షమాపణకు దూరమయ్యాడంటే నేను నమ్మను.

మీరు ఒంటరి కూడా కాదు. మన ఇళ్లలో చాలామంది చదివిన 'యాత్రికుని ప్రయాణం' రాసిన జాన్ బన్యన్‌కు సరిగ్గా ఇదే జరిగింది. క్రీస్తును అమ్మెయ్, అమ్మెయ్ అని ఒక ఆలోచన అన్నం తినేటప్పుడు, పని చేసేటప్పుడు కూడా తరిమేదని, తనకిక క్షమాపణ లేదని ఏళ్ల తరబడి వణికానని 1666లో తన కథ తనే రాసుకున్నాడు. ఆ తర్వాతే, 1678లో, 'యాత్రికుని ప్రయాణం' వచ్చింది.

అక్కర్లేని ఆలోచన ఒకటి తలలోకి రావడం అందరికీ మామూలే. దాన్ని తోసేకొద్దీ గట్టిగా తిరిగొస్తుంది. అందుకని తోయకండి, వచ్చిందని చూసి ప్రార్థన కొనసాగించండి. క్షమాపణ ఒక్కసారి అడిగి లేవండి, రెండోసారి అడగాలనిపించినా అడగకండి. మొదట్లో ఇది చాలా కష్టంగా ఉంటుంది. రోజులో గంటకు మించి దీనికే పోతుంటే, చదువు సాగకపోతుంటే, మానసిక వైద్యుణ్ణి కలవండి. డాక్టర్లు దీన్ని ఓసీడీ అంటారు, దీనికి మంచి చికిత్స ఉంది. మీరు చెప్పేది విని ఆ డాక్టరు ఉలిక్కిపడరు, ఇలాంటివి వాళ్లు వింటూనే ఉంటారు.

నైట్ డ్యూటీ చేసి వచ్చి ప్రార్థనకు కూర్చుంటే మధ్యలోనే నిద్రపోతున్నాను. సాతాను శోధనా?
– నర్సు, విశాఖపట్నం

కాదమ్మా, నిద్ర. గెత్సేమనే తోటలో శిష్యులు నిద్రపోతే, శరీరం బలహీనమని ప్రభువే వాళ్ల తరఫున చెప్పాడు. ముందు పడుకోండి, లేచాక ప్రార్థన చేసుకోండి. రాత్రంతా మీరు తిరిగిన మంచాల దగ్గర కూడా ఆయన ఉన్నాడు.

మా ఆయన తాగి కొడతాడు. పోయిన నెల గొంతు పట్టుకున్నాడు. సంఘంలో చెబితే ఓర్చుకో, నీ సాక్ష్యం చూసి మారతాడు అన్నారు. ఇల్లు విడిచి వెళితే దేవునికి అవిధేయురాలిని అవుతానా?
– ఊరు రాయవద్దన్న సోదరి

అవ్వరమ్మా. ఈ మాట ఒకటికి రెండుసార్లు చదవండి: దెబ్బల నుంచి తప్పించుకోవడం అవిధేయత కాదు.

మిమ్మల్ని నడిపించవలసినవాళ్లు మీకు ఓర్పు ఒక్కటే చూపించారు, గ్రంథంలో ఉన్న మిగతాది చూపించలేదు. నాకు దాని మీద నిజంగా బాధగా ఉంది. హేరోదు చంపజూస్తున్నాడని తెలియగానే యోసేపు రాత్రికి రాత్రే బిడ్డనూ మరియనూ తీసుకుని ఐగుప్తుకు వెళ్లిపోయాడు. దమస్కులో పౌలును చంపాలని కాచుకుని కూర్చుంటే, సహోదరులు ఆయన్ని గంపలో కూర్చోబెట్టి గోడ మీదుగా దింపేశారు. ఇక్కడే ఉండి సాక్ష్యం చూపించు అని ఎవరూ అనలేదు. గంప పట్టుకున్నారు. సంఘం చెయ్యవలసిన పని అది.

కొట్టడం ఏ ఇంట్లోనూ మామూలు సంగతి కాదు. గొంతు పట్టుకోవడం అన్నిటికంటే ప్రమాదమైన గుర్తుల్లో ఒకటి, ఈసారి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మీ విషయంలో నేను ఆగి చూడమనను. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, కొంత డబ్బు మీరు నమ్మే మనిషి ఇంట్లో ముందే పెట్టండి. మహిళల సహాయానికి 181, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. 2005 గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. ఆ ఇంట్లో ఉండే హక్కు, అతను మీ జోలికి రాకుండా రక్షణ ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, ఇవన్నీ కోర్టును అడగవచ్చు. క్షమించడం, తిరిగి ఆ ఇంట్లో కాలుపెట్టడం రెండు వేర్వేరు సంగతులు. మొదటిదానికి తొందర లేదు. రెండోది అతను తాగుడు మానాక, చాలాకాలం మానాక ఆలోచించవలసినది.

అమ్మ మందులకే జీతం చాలడం లేదు. నాలుగు నెలలుగా దశమభాగం ఇవ్వలేదు. ఇంట్లో ఏది చెడిపోయినా శాపమేమో అనిపిస్తోంది. అప్పు చేసి ఇవ్వమంటారా?
– ఒక సోదరుడు, కరీంనగర్

వద్దు నాయనా, అప్పు చెయ్యవద్దు. అమ్మానాన్నలకు ఇవ్వవలసినదాన్ని దేవుడికి అర్పితమైపోయిందని చెప్పి ఎగ్గొట్టేవాళ్లను ప్రభువు గట్టిగా మందలించాడు, మార్కు 7లో ఉంది. మీరు దానికి సరిగ్గా ఎదురు పని చేస్తున్నారు. ఫ్యాను కాలిపోవడం, బండి ఆగిపోవడం అందరి ఇళ్లలో జరిగేవే. ఇవ్వకపోతే నష్టం జరుగుతుందని ఎవరైనా మిమ్మల్ని పేరు పెట్టి బెదిరిస్తే, అప్పుడు ఆందోళన పడవలసింది మీ కానుక గురించి కాదు, ఆ బోధ గురించి.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. రెండేళ్లుగా గుడికి వెళ్లడం లేదని కోడలు చెప్పింది. ఫోనులో ఎంత చెప్పినా విసుక్కుంటున్నాడు. నా పెంపకంలో లోపమా?
– ఒక తల్లి, ఏలూరు

మీ పెంపకంలో లోపం కాదమ్మా. పెద్దయిన పిల్లలు నమ్మకాన్ని ఒకసారి కింద పెట్టి చూసుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. సంఘ పితరుడు అగస్టీను తల్లి మోనికా కూడా ఇలాగే ఏడ్చింది. కొడుకుతో వాదించమని ఒక బిషప్పును పట్టుకుంటే, అతని జోలికి వెళ్లకమ్మా, ప్రార్థన మాత్రం చెయ్యి అని ఆయన పంపేశాడు. ఆ కొడుకు 387లో, 32 ఏళ్ల వయసులో, మిలాన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు గుడి సంగతి ఎత్తకండి. ఏం వండుకున్నారో అడగండి, పప్పుచారు ఎలా కుదిరిందో అడగండి. మీ ఫోన్ వస్తే అతనికి విసుగు రాకూడదు, ముందు కావలసింది అదే. గుడి మానడం కాదు నన్ను కంగారు పెట్టేది. ఎవరి ఫోనూ ఎత్తకపోవడం, గొంతు మారిపోవడం, ఉద్యోగం మీద, పిల్లల మీద కూడా ధ్యాస పోవడం కనిపిస్తే కోడలితో విడిగా మాట్లాడండి.

మా ఆయన పోయి ఎనిమిది నెలలు. ఇంకా రెండు పళ్లేలు పెట్టేస్తున్నాను. గేటు చప్పుడైతే ఆయనే అనుకుంటాను. పరలోక నిరీక్షణ ఉన్నవాళ్లం, ఇంకా ఏడవకూడదు అంటున్నారు. నాకు విశ్వాసం తగ్గిందా?
– ఒక సోదరి, మచిలీపట్నం

తగ్గలేదమ్మా, మీరు ఆయన్ని ప్రేమించారు. లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖించవద్దన్నాడు పౌలు, దుఃఖమే వద్దనలేదు. రెండో పళ్లెం, గేటు చప్పుడు, వీధిలో ఆయనలాంటి చొక్కా కనిపిస్తే గుండె ఆగినట్టవడం, ఇవన్నీ ఎనిమిది నెలలకు మామూలే. పండుగలప్పుడు, పెళ్లిరోజున మళ్లీ పొంగుతుంది, దానికీ భయపడకండి.

ఆదరణ కూడిక అయిపోయాక మనవాళ్లు రావడం మానేస్తారు. అసలు ఒంటరితనం అప్పుడే మొదలవుతుంది. స్త్రీల సమాజంలో ఒకరిని పిలిచి, వారానికో పూట నాతో అన్నం తినమని అడగండి, అడగడానికి మొహమాటపడవద్దు. తిండి మానేసి చిక్కిపోతున్నా, రోజులు గడిచేకొద్దీ బాధ పెరుగుతూనే ఉన్నా, ఆయన దగ్గరికే వెళ్లిపోవాలనిపించినా వెంటనే పిల్లలకూ డాక్టరుకూ చెప్పండి.

మా పాపకు తొమ్మిదేళ్లు. సెలవుల్లో వీబీఎస్‌లో (పిల్లల బైబిల్ బడిలో) రెండవ రాకడ మీద సినిమా చూపించారు. అప్పటి నుంచి రాత్రి లేచి నేను మంచం మీద ఉన్నానో లేదో తడిమి చూస్తోంది. నేను ఎత్తబడి తను మిగిలిపోతుందని భయమట. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, నల్గొండ

భయపడకండి, పాపకు ఏమీ కాలేదు. ఈ వయసులో పిల్లలకు పెద్ద భయాల్లో ఒకటి అమ్మ కనిపించకుండా పోవడం, ఆ సినిమా సరిగ్గా అక్కడే తగిలింది. రాకడ గురించి పౌలు థెస్సలొనీక వాళ్లకు రాసింది చనిపోయినవారి కోసం బాధపడుతున్నవాళ్లు ఒకరినొకరు ఓదార్చుకోవడానికి. పిల్లల్ని నిద్రలో ఉలిక్కిపడేలా చేయడానికి కాదు. ఈ సంగతి వీబీఎస్ టీచరుతో నెమ్మదిగా చెప్పండి. వాళ్లూ ప్రేమతోనే చేసి ఉంటారు, ఇంత దూరం పోతుందని తెలిసి ఉండదు.

పాపకు వివరణలు వద్దు. యేసు పిల్లల్ని వెళ్లగొట్టలేదు, శిష్యులు ఆపితే కోప్పడి మరీ దగ్గరికి పిలిచి చేతుల్లోకి తీసుకున్నాడని చెప్పండి, అదే కథ రోజూ చెప్పండి. తడిమి చూసినప్పుడు విసుక్కోకుండా, ఇక్కడే ఉన్నానమ్మా అనండి. కొన్ని వారాల్లో తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే, స్కూలుకు వెళ్లనంటే, పక్క తడుపుతుంటే పిల్లల డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా ఆ గదిలో చిన్న లైటు వేసే ఉంచండి.