పాత కోడ్ చదవగలవాళ్లకు సెక్యూరిటీలో చోటుంది

సైబర్ సెక్యూరిటీ అనగానే మన ఇంజినీరింగ్ విద్యార్థులు చాలామంది ఎథికల్ హ్యాకింగ్ కోర్సు వైపు వెళ్తారు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సర్టిఫికెట్ సంపాదించి దరఖాస్తులు మొదలుపెడతారు. దాడులు ఎలా జరుగుతాయో తెలుసుకోవాల్సిందే. కానీ లోకమంతా ఆధారపడ్డ పాత సెక్యూరిటీ కోడ్‌ను తీసి, నడుస్తున్న ప్రోగ్రాములు ఆగకుండా కొత్తది పెట్టడం కూడా ఈ రంగంలో పెద్ద పనే. అటువైపు చూసేవాళ్లు తక్కువ.

2014 ఏప్రిల్ 7న బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లోపం సంగతి తీసుకోండి. బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య సమాచారాన్ని రహస్యంగా ఉంచేది టీఎల్‌ఎస్ ప్రొటోకాల్. దానికోసం లెక్కలేనన్ని సర్వర్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని వాడుతున్నాయి. కనెక్షన్ బతికే ఉందా అని అడిగే హార్ట్‌బీట్ సందేశంలో, అవతలివాళ్లు చెప్పిన పొడవు నిజమేనా అని ఆ లైబ్రరీ సరిచూడలేదు. ఒక్క బైటు పంపి 64 కిలోబైట్లని చెప్తే, మెమరీలో పక్కనున్నదంతా కలిపి తిరిగి పంపేది. అందులో పాస్‌వర్డులు, ప్రైవేట్ కీలు కూడా పోవచ్చు.

ఆ తప్పు దిద్దడానికి కొద్ది లైన్లే పట్టాయి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే బృందం మాత్రం అంతటితో ఆగలేదు. మెమరీ తప్పులను పట్టుకునే రక్షణలు వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్నాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తన సొంత మెమరీ ఏర్పాటు పెట్టుకోవడంతో అవి పనిచేయలేదు. అదే నెలలో ఆ కోడ్‌ను విడిగా తీసుకుని లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ మొదలుపెట్టారు. వీఎంఎస్, ఓఎస్/2, 16 బిట్ విండోస్ లాంటి పాత వ్యవస్థల కోసం మిగిలిన భాగాలతో సహా, మొదటి వారంలోనే 90 వేలకు పైగా లైన్లు కొట్టేశారు. నవంబరులో వచ్చిన ఓపెన్‌బీఎస్‌డీ 5.6లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బదులు లిబ్రెఎస్‌ఎస్‌ఎల్‌నే పెట్టారు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. పాత లైబ్రరీని పిలిచే వేల ప్రోగ్రాములకు అవే ఫంక్షన్లు, అవే జవాబులు కావాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 2016లో 1.1.0తో తన ఇంటర్‌ఫేస్ మార్చుకుంది. లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ వెంటపడి అందుకోవాల్సి వచ్చింది. ఆల్పైన్ లైనక్స్ 2016లో లిబ్రెఎస్‌ఎస్‌ఎల్‌కు మారి, 2019లో మళ్లీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కే వెళ్లింది. ఓపెన్‌బీఎస్‌డీలో మాత్రం లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ నేటికీ నిలబడి ఉంది. నా దృష్టిలో ఉద్యోగానికి పనికొచ్చే చదువంతా ఈ భాగంలోనే ఉంది. ఏది తీసేయొచ్చు, ఎవరికిచ్చిన మాట నిలబెట్టాలి అన్న తూకం ఏ సర్టిఫికెటూ నేర్పదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు సీ భాషలో పాయింటర్లు, మెమరీ గట్టిగా రావాలి. వర్చువల్ మెషీన్‌లో ఓపెన్‌బీఎస్‌డీ పెట్టుకోండి. అందులో లిబ్రెఎస్‌ఎస్‌ఎల్‌తో పాటు ఉండే లిబ్‌టీఎల్‌ఎస్ లైబ్రరీతో చిన్న క్లయింట్ రాసి, అదే పని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తోనూ చేసి రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపే వైర్‌షార్క్‌లో హ్యాండ్‌షేక్ చూస్తూ, టీఎల్‌ఎస్‌ను వివరించే ఆర్‌ఎఫ్‌సీ 8446 తిరగేయండి. అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు ఇచ్చి లోపాలు పట్టే ఫజ్జింగ్ నేర్చుకోండి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే అవకాశమిచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు 2022 నుంచి విద్యార్థులు కానివాళ్లూ అర్హులే.

ఉద్యోగ ప్రకటనల్లో ఈ పని సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్, ప్రొడక్ట్ సెక్యూరిటీ, నెట్‌వర్క్ సెక్యూరిటీ డెవలపర్ లాంటి పేర్లతో ఉంటుంది. ఆ పేర్లతో వెతకండి. క్వాంటం కంప్యూటర్లకు తట్టుకునే క్రిప్టోగ్రఫీ ప్రమాణాలను అమెరికా సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2024 ఆగస్టులో ప్రకటించింది. దాంతో పాత క్రిప్టో కోడ్‌ను మార్చే పని ఇప్పుడు చాలాచోట్ల మళ్లీ మొదలైంది. ఫైనలియర్ ప్రాజెక్టు ఇంకా ఎంచుకోకపోతే, దీన్నే ఎంచుకోండి.