వ్యాపారపు ఇంగ్లీషు: చీటీ మీది మాటలు

గత పాఠములో అంకెలు, వారముల పేర్లు నేర్చుకొంటిమి. ఇప్పుడు దుకాణదారు వ్రాసి యిచ్చు చీటీని చూతము. షోలాపూరులో గాని, సేలములో గాని మనవారు ఇంట తెలుగు, బజారులో మరాఠీయో తమిళమో మాటలాడి నెట్టుకొని వచ్చుచున్నారు. చీటీ మాత్రము ఇంగ్లీషులో నుండును.

‘వార్ప్’ అనగా పడుగు, ‘వెఫ్ట్’ అనగా పేక, ‘హాంక్’ అనగా చిలప. ‘ఫార్టీస్’ అనిన 40వ నంబరు నూలు. 840 గజముల చిలపలు 40 కలిసి ఒక పౌను తూగునన్న మాట. ‘డజను’ ఏనాడో తెలుగైపోయినది. ఇవన్నియు మన చేతిలోని సంగతులే.

చిక్కు పెట్టునవి వేరు. ‘సోల్డ్’ అనిన అమ్ముడైనది. ‘ఆన్ అప్రూవల్’ అనిన నచ్చినచో కొనుట. ‘సేల్ ఆర్ రిటర్న్’ అనిన అమ్ముకొనుట, లేదా తిప్పి పంపుట. మేమును ఒకమారు ఈ మాట తెలియక చేవ్రాలు చేసి, సరకు అమ్ముడైనదని సంతోషముతో ఇంటికి వచ్చితిమి. మూడు నెలలకు తువ్వాళ్ళు మడతలు నలిగి తిరిగి వచ్చినవి.

1930 నాటి వస్తు విక్రయ చట్టము, 24వ సెక్షను ప్రకారము, ఇట్టి సరకును వద్దని తెలుపక గడువు దాటి ఉంచుకొన్నవాడు కొన్నట్లే. గడువు వ్రాయనిచో ‘తగినంత కాలము’ చూడవలెను. అది ఎన్నినాళ్ళో తేలుటకు తగవులాడవలసినదే.

కావున చేవ్రాలునకు ముందు అడుగవలసిన వాక్యమిది: ‘ప్లీజ్ రైట్ ది లాస్ట్ డేట్’. దయచేసి కడపటి తేదీ వ్రాయుడని అర్థము. పదిసార్లు బిగ్గరగా పలుకుడు. ‘ప్లీజ్’ విడువకుడు; అది లేనిచో కోరిక కాస్త ఆజ్ఞవలె వినబడును.