అల వెంట పరుగెత్తే పిట్టలు

కార్తీక పున్నమి వచ్చింది. గుంటూరు వైపు మిరప, పత్తి చేలల్లో పనిచేసే ఆడవాళ్లు కొందరు సముద్ర స్నానానికి బయలుదేరారు. బాపట్ల దగ్గర సూర్యలంక చేరారు.

జనం లేని వైపు తడి ఇసుక మీద చిన్న పిట్టలు కనిపించాయి. అల వెనక్కు పోతే దాని వెంట పరుగెత్తుతున్నాయి. అల ముందుకు వస్తే గబగబా వెనక్కు వస్తున్నాయి. పిల్లలు కేకలు వేస్తూ తరిమారు. గుంపంతా ఒక్కసారిగా లేచిపోయింది.

చేపలు ఎండబెట్టే ఒకామె అది చూసింది.

“ఒరే పిల్లలూ, తరమకండిరా! వాటి నోటికాడ కూడు తీయకండి” అంది.

“ఇవేం పిట్టలు అక్కా?” అని ఒకామె అడిగింది.

“ఉల్లంకి పిట్టలమ్మా. చలికాలం వస్తాయి. ఎండలు ముదిరితే పోతాయి.”

ఎక్కడి నుంచి వస్తాయి?

ఉల్లంకి పిట్టల్లో చాలా రకాలున్నాయి. బాగా చిన్న రకం ఊరపిచ్చుకంత ఉంటుంది. బరువు సుమారు 25 గ్రాములు. అంటే గుప్పెడు ఎండుమిరపకాయలంత. అంత చిన్న పిట్ట రష్యా దేశం ఉత్తరపు అంచు నుంచి వస్తుంది. 5 వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వస్తుంది.

చలికాలంలో అక్కడ నేల గడ్డకడుతుంది. మేత దొరకదు. మిరప కోతలకు కూలీలు ఊళ్లు దాటి వస్తారు కదా. ఇవీ అలాగే పొట్ట చేతబట్టుకుని వస్తాయి. ఎండలు ముదిరేసరికి తిరిగి వెళ్లి, అక్కడే గుడ్లు పెడతాయి.

ఏం తింటాయి?

పోటు తగ్గితే తడి నేల బయటపడుతుంది. అందులో సన్నని పురుగులు, చిన్న నత్తలు ఉంటాయి. పొట్టి ముక్కు పిట్ట పైపైన ఏరుకుంటుంది. పొడుగు ముక్కు పిట్ట లోతుగా పొడిచి తీస్తుంది. అందుకే ఒకే చోట ఎన్నో రకాలు కలిసి మేస్తాయి. నిజాంపట్నం బురద నేలలు, చినగంజాం ఉప్పు మడులు ఇలాంటి పిట్టలకు మేత చోట్లు.

తిన్న మేత ఒంట్లో కొవ్వుగా చేరుతుంది. ఆ కొవ్వే వాటికి దారిబత్తెం. దారిబత్తెం అంటే ప్రయాణంలో తినే తిండి. తరిమినప్పుడల్లా అది కొంత ఖర్చవుతుంది. మేసే పొద్దు కూడా పోతుంది. బత్తెం చాలకపోతే పిట్ట దారిలోనే పడిపోతుంది.

వలవేసి, ఉచ్చులు పెట్టి వీటిని పట్టడం నేరం. 1972 వన్యప్రాణుల చట్టం ఈ మాట చెబుతోంది.

ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరకు పిలిచారు. దూరంగా కూర్చున్నారు. కాసేపటికి పిట్టలు మళ్లీ వచ్చి వాలాయి.

ఆలోచించండి, చెప్పండి

1. ఉల్లంకి పిట్టలు మన తీరానికి ఎందుకు వస్తాయి?
2. వాటిని తరిమితే ఏం నష్టం?
3. మీ చేలల్లో నేల మీద గుడ్లు పెట్టే పిట్ట ఏది? పేరు రాయండి.