ఒక రేణువుకు పేరు పెట్టడమెలా?

ఎం.ఎస్సీ. ఆఖరి సంవత్సరంలో నేను చేసిన ఒక పొరపాటుతో ఈ వ్యాసం మొదలుపెడతాను. పొరపాటు నాది, పాఠం మాత్రం అందరిదీ.

2012లో మా క్లాసు ఫీల్డుకు వెళ్ళినప్పుడు గోదావరికి పడమటి వైపున, గౌరీపట్నం దగ్గరి నల్లరాతి క్వారీల్లో రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న సున్నపు మట్టి కొంత సంచుల్లో నింపుకొని తెచ్చాం. దాన్ని కడిగి మైక్రోస్కోపు కింద పెడితే, గుండ్రని గదులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకొని ఉన్న చిన్న గుల్ల ఒకటి నా కంటబడింది. ఐదు నిమిషాల్లో స్లైడు మీద 'గ్లోబిజెరినా' అని రాసేశాను. మా మాస్టారు తొంగిచూసి, "ఏమోయ్, అప్పుడే నామకరణం అయిపోయిందా? బిడ్డను మూడు వైపులా తిప్పి చూశావా మరి?" అన్నారు. నేను చూసింది ఒక్క వైపే.

ఏమిటీ జీవులు?

ఫొరామినిఫెరా ఏకకణ జీవులు. వీటిలో చాలా భాగం తమ చుట్టూ సున్నపు గుల్ల కట్టుకుంటాయి. పెరిగిన కొద్దీ పాత గదికి ఆనుకొని కొత్త గది కట్టుకుంటూ పోతాయి. కొన్ని సముద్రం అడుగున బతుకుతాయి. మరికొన్ని నీటిలో తేలుతూ బతుకుతాయి. ఈ రెండో రకాన్నే ప్లవక ఫొరామినిఫెరా అంటాం. తేలే జీవి కాబట్టి ప్రవాహాల వెంట దూరదూరాలకు వ్యాపిస్తుంది. చనిపోయాక గుల్ల అడుగుకు చేరి మట్టిలో కలిసిపోతుంది. ఒక జాతి తక్కువ కాలమే జీవించి అంతరించిందనుకోండి, దాని గుల్ల దొరికిన పొర ఏ కాలానిదో చెప్పడానికి అదే సాక్షి అన్నమాట. అయితే సాక్షి ఎవరో తప్పు చెబితే తీర్పూ తప్పుతుంది.

ముందుగా కడగడం

మట్టిని పొడిగా ఎండబెట్టి, పలచని హైడ్రోజన్ పెరాక్సైడులో నానబెట్టి, జల్లెడ మీద నీళ్ళతో కడగాలి. ఇక్కడే మొదటి ప్రమాదం పొంచి ఉంది. 150 మైక్రాన్ల జల్లెడ వాడితే పెద్ద గుల్లలు చక్కగా నిలుస్తాయి. చిన్నవన్నీ తూములోకి పోతాయి. నేను చెప్పబోయే జాతి గుల్లలు చాలా వరకు 100 మైక్రాన్లకు అటూ ఇటూ, అంటే ఇంచుమించు తలవెంట్రుక మందమంత ఉంటాయి. కనుక 63 మైక్రాన్లు, వీలైతే అంతకన్నా సన్నని జల్లెడ వాడాలి. "దొరకలేదు" అని రాసేముందు "వెతికిన జల్లెడ ఏది?" అని అడగాలి.

ఒక నమూనా కడిగాక జల్లెడను మిథిలీన్ బ్లూ రంగులో ముంచాలి. పాత గుల్ల ఏదైనా కంతలో చిక్కుకొని ఉంటే నీలంగా మారి, తరవాతి నమూనాలో కలిసినా పట్టుబడిపోతుంది. ఈ చిన్న పని చేయక పరువు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

అయిదు ప్రశ్నలు

గుల్లను సన్నని కుంచె కొసతో ఎత్తి నల్లని స్లైడు మీద పెట్టి మూడు వైపులా చూడాలి: చుట్టలు కనిపించే పైవైపు, నోరుండే కిందవైపు, అంచు. చూసి ఈ ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: గదులు ఎలా అమరాయి? నత్తగుల్లలా మెలికగా చుట్టుకున్నాయా, ఒకే తలంలో చుట్టుకున్నాయా, జడలా రెండు వరుసల్లో పేర్చినట్టున్నాయా, మూడు వరుసల్లోనా?

రెండు: చివరి చుట్టులో గదులెన్ని?

మూడు: నోరు ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది?

నాలుగు: అంచు గుండ్రంగా ఉందా, గట్టు కట్టినట్టుందా?

అయిదు: గోడ ఎలాంటిది? నున్ననిదా, తేనెపట్టులా గుంటలు పడ్డదా, ముళ్ళు మొలిచిన ఆనవాళ్ళున్నాయా, రంధ్రాలు ఎంత సన్నం?

మొదటి నాలుగూ మామూలు మైక్రోస్కోపుతో తేలుతాయి. అయిదోదానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. చిత్రమేమంటే, పై ఆకారం వేర్వేరు వంశాలలో మళ్ళీ మళ్ళీ ఒకేలా వచ్చింది. అందుకే నేటి వర్గీకరణలో గోడకు పెద్దపీట. ముఖం చూసి చుట్టరికం కలపకూడదు, గోడ చూసి కలపాలి.

మన సాక్షి: యూగుబైనా

1964లో లూటర్‌బాకర్, ప్రెమోలి సిల్వా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇటలీలోని గుబ్బియో పట్టణం దగ్గరి సున్నపురాతి నుంచి ఒక చిట్టి జాతిని వర్ణించి 'గ్లోబిజెరినా యూగుబైనా' అని పేరు పెట్టారు. గుబ్బియో పాత పేరు నుంచి వచ్చిందా మాట. క్రెటేషియస్ యుగం ముగిసి, పెద్ద పెద్ద ప్లవక జాతులు దాదాపు అన్నీ తుడిచిపెట్టుకుపోయిన వెంటనే, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ఈ జాతి తల ఎత్తింది. మూడు లక్షల ఏళ్ళు గడిచేసరికి అదీ అంతరించింది. భూమి చరిత్రలో మూడు లక్షల ఏళ్ళంటే రెప్పపాటు. అందుకే ఇంత విలువ.

1964 నాటికి 'గ్లోబిజెరినా' అనేది గుండ్రని గదులున్న ప్రతిదాన్నీ వేసే బుట్టలాంటిది. నేడు ఆ పేరుతో మనం ఒప్పుకొనే ప్రజాతి యూగుబైనా కాలానికి ఇంకా పుట్టనే లేదు. 1978లో హోఫ్‌కర్ దీనికోసం 'పార్వులారుగోగ్లోబిజెరినా' అనే ప్రజాతిని ఏర్పరచాడు. పేరు పలకడానికి నాలుక తిరగదు, నిజమే! అప్పటినుంచి పూర్తి పేరు రాసేటప్పుడు మొదటి వర్ణనకర్తల పేర్లను కుండలీకరణాల్లో పెడతారు. జాతి ఒక ప్రజాతి నుంచి మరో ప్రజాతికి మారిందని ఆ రెండు గీతలే చెబుతాయి. పరీక్షలో ఈ గీతలు మరచిపోయి మార్కులు పోగొట్టుకోకండి.

దీని గుర్తులు ఇవీ: మెలిక చుట్ట, ఎత్తు తక్కువ. చివరి చుట్టులో 5 నుంచి 8 గదులు. అంచున గట్టు లేదు. నోరు కమానులా ఉండి, నాభి నుంచి అంచు వైపుకు కాస్త జరిగి ఉంటుంది. గోడలో రంధ్రాలు మైక్రానుకన్నా సన్నం, ముళ్ళు లేవు.

ఇప్పుడు పొరుగువారిని చూద్దాం. గుంబెలిట్రియాకు గదులు మూడు వరుసల్లో ద్రాక్షగుత్తిలా ఉంటాయి. అది క్రెటేషియస్ నుంచి బతికి బయటపడ్డ జీవి. గ్లోబోకొనూసా డౌబ్యెర్జెన్సిస్ గోడ నిండా పొక్కుల్లాంటి బొడిపెలు. ఇయోగ్లోబిజెరినాకు చివరి చుట్టులో గదులు సుమారు నాలుగే, గోడ తేనెపట్టులా ఉండి ముళ్ళ ఆనవాళ్ళు కనిపిస్తాయి. గ్లోబోట్రంకానా పెద్దది, అంచున జంట గట్లుంటాయి, అది క్రెటేషియస్‌ది.

ఇక వర్గీకరణ: జాతి యూగుబైనా, ప్రజాతి పార్వులారుగోగ్లోబిజెరినా, కుటుంబం గుంబెలిట్రిడే, క్రమం గ్లోబిజెరినిడా. ద్రాక్షగుత్తి గుంబెలిట్రియా, మెలిక చుట్ట యూగుబైనా ఒకే కుటుంబంలో ఉండడం వింతగా తోచవచ్చు. సన్నని రంధ్రాల గోడే ఆ చుట్టరికానికి ఆధారం.

పండితుల తగవు

నోరు పొడుగ్గా, నిలువు చీలికలా ఉన్న గుల్లలను 1979లో బ్లో 'లాంగియపర్టూరా' అనే వేరే జాతిగా వర్ణించాడు. 1999లో ఓల్సన్ బృందం వెలువరించిన పాలియోసీన్ అట్లాస్ ఈ రెండూ ఒకటేనంది. వేర్వేరని ఇప్పటికీ వాదించేవారున్నారు. విద్యార్థి చేయవలసిందేమిటి? ఒక్క గుల్ల చూసి తీర్పు చెప్పకూడదు. దొరికినన్ని ఏరి వరుసగా పేర్చాలి. గుండ్రని నోటి నుంచి చీలిక నోటి దాకా మధ్య రూపాలు తెంపు లేకుండా ఉన్నాయా, మధ్యలో ఖాళీ ఉందా చూడాలి. జాతి అంటే ఒక ముఖం కాదు, ముఖాల వరుస.

ఇంకో జాగ్రత్త. పాత పొర కోసుకుపోయి, అందులోని గుల్లలు కొత్త మట్టిలో చేరవచ్చు. అరిగిన, రంగు మారిన గ్లోబోట్రంకానా ఒకటి దొరికిందని పొర క్రెటేషియస్‌దనకూడదు. వాటిలో అన్నిటికన్నా చిన్న వయసు జాతి ఏదో దాని మాటే వినాలి.

ఇంత పట్టింపు ఎందుకు?

రాజమండ్రి ట్రాపుల మధ్య పొర వయసు మీద చాలాకాలం వాదాలు నడిచాయి. 2008లో గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల మధ్య పొరల్లో డేనియన్ దశ ఆరంభపు ప్లవక ఫొరామినిఫెరాను చూపించి, కింది లావా క్రెటేషియస్ ముగింపుకు చేరువలో వెలువడిందని వాదించింది. డైనోసార్లను పొట్టనబెట్టుకున్నది మెక్సికోలో పడ్డ ఉల్కా, దక్కన్ లావానా, ఆ పాపంలో ఎవరి వాటా ఎంత అనే చర్చలో మన గోదావరి ఒడ్డు మట్టికి చోటు దొరికింది. అదంతా నిలబడింది వెంట్రుకంత గుల్లల పేర్ల మీదే. నేను రాసిన 'గ్లోబిజెరినా' నిజమైతే ఆ పొర కోట్ల సంవత్సరాలు చిన్నదైపోతుంది!

మాస్టారు మాట విని మూడు వారాలు కూర్చున్నాను. పదకొండు గుల్లలు దొరికాయి. వాటిలో ఏడు నిస్సందేహంగా యూగుబైనా. మిగతా మూడు గుంబెలిట్రియా. నన్ను తొందరపెట్టిన ఆ మొదటి గుల్ల మాత్రం నోటినిండా సున్నం గట్టిపడి, గోడ రూపు మారిపోయి, ఎటూ తేలలేదు. దాని స్లైడు మీద పాత పేరు కొట్టేసి 'యూగుబైనాతో పోల్చదగినది' అని రాశాను. మాస్టారు చూసి, "ఇప్పుడు రాయడం వచ్చిందోయ్" అన్నారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ 'పోల్చదగినది' అనే మాట రాయడానికి సిగ్గుపడకండి. అది ఓటమి కాదు. తరవాత వచ్చేవాడికి మనం వదిలిపెట్టే నిజాయితీ గల గుర్తు.