వెబ్ దరఖాస్తు మొరాయించినప్పుడు: తరచుగా ఎదురయ్యే చిక్కులు, ఆచరణీయ పరిష్కారాలు

ఆదాయ ధ్రువీకరణ పత్రం, కుల ధ్రువీకరణ పత్రం, పహాణి నకలు, ఆస్తి పన్ను చెల్లింపు వంటి పనులు ఒకనాడు కచేరి మెట్లెక్కితే తప్ప జరిగేవి కావు. నేడు వీటిలో పెక్కు వెబ్ పేజీల ద్వారానే సాగుతున్నాయి. పొలం రికార్డులకు ‘భూమి’, పలు శాఖల సేవలకు ‘సేవాసింధు’, రిజిస్ట్రేషను పనులకు ‘కావేరి’ అనే పేర్లు కర్ణాటకలో నివసించే తెలుగువారికి సుపరిచితాలే. బట్లహళ్ళి, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల నుండి నగరానికి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఈ సౌకర్యం మరింత విలువైనది. పొలం ఊళ్ళో ఉంటుంది, బ్రతుకుతెరువు నగరంలో ఉంటుంది. ఒక్క కాగితం కోసం ఒక రోజు కూలిని, రానుపోను బస్సు ఛార్జీలను పోగొట్టుకోవలసిన అవసరం తగ్గింది.

అయితే ఆ పేజీ మొరాయించినప్పుడు చాలామంది “నాకు అర్హత లేదు కాబోలు” అనుకొని వెనుదిరుగుతారు. విద్యార్థి వేతనానికో, ప్రవేశానికో గడువు ఈలోగా ముగిసిపోతుంది. కనుక ఈ పాఠంలో ముఖ్యంగా గ్రహించవలసిన విషయం ఒక్కటే: పేజీ నిరాకరించడం వేరు, కార్యాలయం నిరాకరించడం వేరు. కార్యాలయం నిరాకరిస్తే కారణం తెలుపుతుంది, దానిపై అప్పీలు చేసుకోవచ్చు. పేజీ నిరాకరిస్తే అది కేవలం యంత్రపు చిక్కు. దానికి విరుగుడు వెదకాలి.

1. పేజీ వెనుక పనిచేసే మూడు అంగాలు

మీరు చూసే దరఖాస్తు ఫారం వెనుక మూడు అంగాలు ఉంటాయి. మొదటిది మీ ఫోనులోని బ్రౌజరు. రెండవది పేజీతో పాటు మీ ఫోనుకు దిగివచ్చి అక్కడే నడిచే ‘స్క్రిప్టు’ అనే ఆదేశాల వరుస. మూడవది కార్యాలయం తరఫున దూరాన ఉన్న ‘సర్వరు’ అనే యంత్రం. గడులు నింపారా లేదా అని చూడడం, జిల్లాను ఎంచుకోగానే ఆ జిల్లా తాలూకాలను చూపించడం, తేదీని సరిచూడడం మొదలైన పనులు స్క్రిప్టువి. దీనిని రాసే ప్రధాన భాష జావాస్క్రిప్ట్. బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో పది రోజుల్లో దీని తొలి రూపాన్ని సిద్ధం చేశాడు.

చిక్కు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. అదే పేజీని మరొకరి ఫోనులో, మరొక బ్రౌజరులో తెరవండి. అక్కడ పనిచేస్తే లోపం మీ బ్రౌజరులోనిది. అక్కడా అదే చోట ఆగిపోతే లోపం స్క్రిప్టులో ఉండవచ్చు. పేజీ అసలు తెరుచుకోకపోయినా, చాలాసేపు తిరుగుతూనే ఉన్నా సర్వరుపై భారం ఎక్కువగా ఉన్నదని అనుకోవచ్చు. అప్పుడు తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయాకనో ప్రయత్నించడం మేలు.

2. బటన్ నొక్కినా చలనం లేకపోతే

మొదట వేచి ఉండండి. వెంటవెంటనే నొక్కితే ఒకే దరఖాస్తు రెండుసార్లు నమోదు కావచ్చు. నిమిషం గడిచినా మార్పు లేకపోతే ఈ వరుసలో చూడండి.

అ) నింపవలసిన గడి ఏదైనా ఖాళీగా ఉన్నదేమో పేజీని పైకి జరిపి చూడండి. హెచ్చరిక తెర పైభాగాన కనబడి, మీరు కింది భాగాన ఉండవచ్చు.

ఆ) పాత పేజీ బ్రౌజరు జ్ఞాపకంలో నిలిచిపోయి, కొత్త స్క్రిప్టుతో పొసగకపోవచ్చు. కంప్యూటరులో కంట్రోల్, ఎఫ్5 మీటలను కలిపి నొక్కితే పేజీ సరికొత్తగా దిగివస్తుంది. ఫోనులో ఇన్‌కాగ్నిటో కిటికీని తెరిచి అందులో ప్రయత్నించండి.

ఇ) లింకును ఏదైనా యాప్ లోపలే తెరిచి ఉంటే, చిరునామాను నకలు చేసి క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్‌లో తెరవండి. డేటా పొదుపు కోసం వాడే ఒపెరా మినీ వంటి బ్రౌజర్లు కొన్ని అమరికలలో స్క్రిప్టును పూర్తిగా నడపనివ్వవు.

ఈ) ఫోనులో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి. తేదీ తప్పుగా ఉంటే సురక్షితమైన పేజీని కూడా బ్రౌజరు అనుమానించి అడ్డగిస్తుంది.

కొంతసేపు కదలిక లేకపోతే పేజీ మిమ్మల్ని బయటకు పంపివేయడం మరొక సాధారణ చిక్కు. భద్రత కోసమే ఈ ఏర్పాటు ఉన్నా, నింపినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కనుక కావలసిన పత్రాల నకళ్ళు, ఆధార్ సంఖ్య, సర్వే సంఖ్య ముందుగానే దగ్గర పెట్టుకొని కూర్చోండి. పొడవైన వివరణలను ముందు వేరొక చోట రాసుకొని, తరువాత గడిలో అతికించండి.

3. రశీదు తెరుచుకోకపోతే, డబ్బు పోయి రశీదు రాకపోతే

రశీదు సాధారణంగా కొత్త కిటికీలో తెరుచుకుంటుంది. ప్రకటనల బెడద తగ్గించడానికి బ్రౌజర్లు అలాంటి కిటికీలను అడ్డగిస్తాయి. చిరునామా గడి పక్కన ‘పాప్-అప్ నిరోధించబడినది’ అనే సూచన కనబడితే, ఆ ఒక్క సైటుకు మాత్రం అనుమతి ఇవ్వండి. అన్ని సైట్లకూ ఇవ్వకండి.

ఖాతాలో డబ్బు తగ్గి పేజీ మధ్యలో ఆగిపోతే రెండవసారి చెల్లించకండి. ముందు బ్యాంకు సందేశంలోని లావాదేవీ సంఖ్యను రాసుకోండి. తరువాత అదే పేజీలో చెల్లింపు స్థితిని చూడండి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐ ద్వారా జరిపిన ఇలాంటి చెల్లింపుకు అవతలివారి వద్ద నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తరువాత 5 రోజులలోగా ఆ సొమ్ము తిరిగి జమ కావాలి. అంతకు మించిన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం రావాలి. ఇందుకోసం మీ బ్యాంకునే అడగండి. సాయం చేస్తామని ఫోను చేసేవారికి ఓటీపీ చెప్పకండి.

4. పేరు గడి మీ పేరును ఒప్పుకోకపోతే

ఇది మనవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు కనుక కొంత వివరంగా చూద్దాం.

తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్ళ వంటివి. చాలా అక్షరాలను ఒక లిపి వచ్చినవారు రెండవ లిపిలోనూ గుర్తుపట్టగలరు. యంత్రానికి మాత్రం ఆ బంధుత్వం తెలియదు. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పట్టికలో తెలుగుకు 3072 నుండి 3199 వరకు, కన్నడకు 3200 నుండి 3327 వరకు స్థానాలు ఉన్నాయి. తెలుగు ‘క’ సంఖ్య 3093, కన్నడ ‘క’ సంఖ్య 3221. రెండింటికీ మధ్య సరిగ్గా 128 తేడా. కనుక కన్నడంలో నింపవలసిన గడిలో తెలుగు కీబోర్డుతో రాస్తే స్క్రిప్టు నిరాకరిస్తుంది. అక్షరాలు మీ కంటికి ఎంత దగ్గరగా ఉన్నా ఫలితం అదే. గడి పక్కన ఏ భాష అడిగారో చూసి, ఫోను కీబోర్డును ఆ భాషకు మార్చుకోండి.

రెండవది, అక్షరాల లెక్క. ‘బట్లహళ్ళి’ అనే మాటలో మన కంటికి బ, ట్ల, హ, ళ్ళి అని నాలుగు అక్షరాలు. యంత్రం దృష్టిలో వత్తుకు ముందున్న పొల్లు ఒక సంకేతం, గుడి మరొక సంకేతం. అలా లెక్కిస్తే బ, ట, పొల్లు, ల, హ, ళ, పొల్లు, ళ, గుడి అని తొమ్మిది. గడికి ఇరవై అక్షరాల పరిమితి ఉంటే ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరి పేరు అందులో ఇమడవు. అప్పుడు పేరును మీ ఇష్టప్రకారం కుదించకండి. ఆధార్‌లో ఉన్న పేరునే ఆంగ్ల లిపిలో రాయడానికి వీలుందేమో చూడండి.

మూడవది, కంటికి కనబడని సంకేతాలు. వేరొక చోటి నుండి పేరును నకలు చేసి అతికించినప్పుడు చివర ఖాళీ జాగాలు, అక్షరాలను విడదీసే అదృశ్య సంకేతాలు వెంట రావచ్చు. ఇవి ఎంత చిక్కు తేగలవో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. అలాంటి ఒక అదృశ్య సంకేతంతో కూడిన ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం సందేశంగా చేరగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దానిని సరిదిద్దింది. లోపం మన అక్షరంలో లేదు, దానిని చదవవలసిన యంత్రపు ఆదేశాలలో ఉంది. పేరును అతికించినప్పుడు నిరాకరణ వస్తే, గడిని పూర్తిగా తుడిచి చేతితో మళ్ళీ రాయండి. పొడి అక్షరాల తరువాత చుక్క పెట్టి ఉంటే చుక్క తీసి చూడండి.

నాల్గవది స్క్రిప్టు తీర్చలేని చిక్కు. పహాణిలో ‘వెంకటరవణప్ప’ అనీ, ఆధార్‌లో ‘వెంకటరమణప్ప’ అనీ ఉంటే అవి రెండు వేరు పేర్లుగానే నిలుస్తాయి. ఒకచోట ఊరి పొడి అక్షరం పేరుకు ముందు, మరొకచోట పేరుకు చివర ఉన్నా అంతే. ఎన్ని బ్రౌజర్లు మార్చినా ప్రయోజనం ఉండదు. సంబంధిత కార్యాలయంలో పేరు సవరణకు దరఖాస్తు చేసుకోవడమే మార్గం. గడువులు దగ్గర పడకముందే ఈ పని ముగించుకోవడం వివేకం.

5. తేదీ విషయంలో జాగ్రత్త

మనం రోజు, నెల, సంవత్సరం అనే వరుసలో తేదీ రాస్తాం. అమెరికా పద్ధతిలో నెల ముందు వస్తుంది. జావాస్క్రిప్ట్ సాధారణంగా ఆ పద్ధతినే అనుసరిస్తుంది. పేజీ రాసినవారు జాగ్రత్తపడకపోతే 05/06/2001 అంటే జూన్ 5 కాక మే 6గా నమోదు కావచ్చు. 25వ తేదీన పుట్టినవారి దరఖాస్తును పేజీ నిరాకరిస్తుంది, ఎందుకంటే 25వ నెల లేదు. 5వ తేదీన పుట్టినవారి దరఖాస్తును మారుమాట లేకుండా తప్పు తేదీతో స్వీకరిస్తుంది. మొదటిదానికంటే రెండవదే ప్రమాదకరం. నిరాకరించిన తప్పు వెంటనే కనబడుతుంది, స్వీకరించిన తప్పు ఏళ్ళ తరువాత బయటపడుతుంది. తేదీని క్యాలెండరు బొమ్మ నుండి ఎంచుకోండి. సమర్పించే ముందు నెల పేరు అక్షరాలలో కనబడితే తప్పక సరిచూడండి.

6. పేజీలు రాసే మన యువతకు

నగరంలో కంప్యూటరు విద్య చదివి ఇలాంటి పేజీలను తయారుచేసే తెలుగు యువతీయువకులు ఎందరో ఉన్నారు. వారికి కొన్ని సూచనలు.

పేరు గడిలో ‘అక్షరాలు మాత్రమే’ అనే నియమం పెడితే తెలుగు, కన్నడ పేర్లు ఆగిపోతాయి. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు, పొల్లు ‘అక్షరం’ వర్గంలో లేవు, ‘చిహ్నం’ వర్గంలో ఉన్నాయి. రెండు వర్గాలనూ అనుమతించాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కనుక తొమ్మిది సంకేతాల ‘బట్లహళ్ళి’కి 27 బైట్లు కావాలి. నిల్వ పరిమితులు దానికి తగినట్లు ఉండాలి. రోజు, నెల, సంవత్సరాలను మూడు వేరు గడులలో అడగడం మేలు. నెలలను జావాస్క్రిప్ట్ సున్నా నుండి లెక్కిస్తుందని, జనవరి దానికి సున్నా అని మరువరాదు. సమర్పణ బటన్‌ను ఒకసారి నొక్కగానే నిలిపివేయాలి, దోషం వస్తే తిరిగి తెరవాలి. నింపిన వివరాలను మాత్రం తుడిచివేయరాదు. స్క్రిప్టు చేసే ప్రతి తనిఖీని సర్వరులోనూ మళ్ళీ చేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, “దోషం సంభవించినది” అని ఊరుకోక, ఏ గడిలో ఏమి మార్చాలో ఆ గడి పక్కనే సులభమైన మాటలలో చెప్పాలి.

7. అప్పటికీ కుదరకపోతే

దోషం కనబడిన తెరను తేదీ, సమయంతో సహా ఫొటో తీసి ఉంచండి. ఓటీపీ, బ్యాంకు వివరాలు అందులో లేకుండా చూసుకోండి. గడువులోగా ప్రయత్నించారనడానికి అది ఆధారం. తరువాత ఆ పత్రాలతోనే బెంగళూరులో బెంగళూరు వన్, గ్రామాలలో గ్రామ వన్ కేంద్రానికో, నాడకచేరికో వెళ్ళి నేరుగా దరఖాస్తు ఇవ్వవచ్చు.

దరఖాస్తు అందిన వెంటనే రశీదు సంఖ్యను అడిగి తీసుకోండి. కర్ణాటకలో 2011 నాటి సకాల చట్టం పరిధిలోని సేవలకు 15 అంకెల జీ.ఎస్.సీ. సంఖ్య ఇస్తారు. గడువు లెక్క ఆ సంఖ్యతోనే మొదలవుతుంది. గడువు దాటితే అప్పీలు చేసుకోవచ్చు. ఆలస్యానికి రోజుకు 20 రూపాయల చొప్పున, 500 రూపాయలకు మించకుండా పరిహారం కోరవచ్చు. మొత్తం స్వల్పమే, కాని హక్కు స్వల్పం కాదు.

కన్నడం గాని ఆంగ్లం గాని రాయలేనివారు కూడా మౌనంగా ఉండనక్కరలేదు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, తన కష్టాన్ని తీర్చమని కోరే విజ్ఞాపనను దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి సమర్పించే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. తెలుగులో రాసిన ఫిర్యాదుకూ ఆ హక్కు వర్తిస్తుంది.

సాధన

1. మీ ఊరి పేరును యంత్రం లెక్కించినట్లు లెక్కించి, ఎన్ని సంకేతాలో రాయండి.
2. మీ ఆధార్, పహాణి, రేషను కార్డు పక్కపక్కన పెట్టి, మూడింటిలో పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో చూడండి. తేడా ఉంటే సవరణకు ఈ నెలలోనే దరఖాస్తు చేయండి.
3. డబ్బు తగ్గి రశీదు రాని సందర్భంలో మొదట చేయవలసినది, ఎన్నడూ చేయరానిది ఏమిటో ఇంటిలోని పెద్దలకు వివరించండి.