పసుపు పేటెంటు: తెలిసిన మందులు కలిపితే కొత్త ఆవిష్కరణేనా?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల ఔషధ కంపెనీలకు పేటెంటు చట్టం నిత్యావసరం. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. గ్రూప్స్ పోటీ పరీక్షల అభ్యర్థులూ కింది అంశాలపై పట్టు సాధించాలి.

● పసుపు కేసు: గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికా మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు (నం. 5,401,504) దక్కింది. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) 1996లో దాన్ని సవాలు చేసి, సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాలు సహా 32 ఆధారాలు సమర్పించింది. 1953 నాటి భారతీయ వైద్య పత్రిక వ్యాసం వాటిలో ఒకటి. 1997లో పేటెంటు రద్దయింది.

● భారత పేటెంట్ల చట్టం, 1970:
– సెక్షన్ 2(1)(జేఏ): ఆ రంగ నిపుణుడికి ఇట్టే తట్టేది ఆవిష్కరణ కాదు.
– 3(ఇ): గుణాలు కేవలం కూడుకునే ఉత్త మిశ్రమానికి పేటెంటు లేదు. రెండు తెలిసిన గాయం మందులు కలిపితే, విడివిడి ఫలితాల మొత్తాన్ని మించిన ప్రభావం ప్రయోగాలతో చూపాలి.
– 3(పి): సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు లేదు.
– 25(1): పేటెంటు మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. 25(2): మంజూరు ప్రకటన వెలువడిన ఏడాదిలోపు ఆసక్తిగల పక్షం చెప్పవచ్చు.

● 2001: పసుపు పేటెంటు లాంటివాటిని అడ్డుకునేందుకు సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం (టీకేడీఎల్) ప్రారంభం.

మాదిరి ప్రశ్న: పసుపు పేటెంటును సవాలు చేసిన సంస్థ?
జవాబు: సీఎస్ఐఆర్.