పోలీసు చర్య: ఉద్దేశం ఒక్కటేనా?

పొరుగున ప్రజలు హింసకు గురవుతున్నారని ఒక ప్రభుత్వం సైన్యాన్ని పంపినప్పుడు, దాని అసలు ఉద్దేశం ఏమిటి? ఈ ప్రశ్నకు ఉదాహరణ వెతకడానికి పటమట వాసులమైన మనం దూరం పోనక్కరలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలో ప్రవేశించింది. ప్రధాన దళం జె.ఎన్.చౌధురి నాయకత్వంలో షోలాపూర్ వైపు నుంచి వెళ్తే, మరో దళం ఎ.ఎ.రుద్ర నాయకత్వంలో మన బెజవాడ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టింది. 17వ తేదీకల్లా నిజాం లొంగిపోయాడు.

వెళ్లింది సైన్యం, పెట్టిన పేరు 'పోలీసు చర్య'. ఆ పేరులోనే ఒక ఉద్దేశం కనిపిస్తుంది. నిజాం ప్రభుత్వం ఆగస్టులోనే ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. కనుక ఇది రెండు దేశాల యుద్ధం కాదు, ఇంటి వ్యవహారమని ప్రపంచానికి చెప్పాలి.

ప్రజల బాధ కల్పితం కాదు. రజాకార్లు భైరాన్‌పల్లిలో చేసిన మారణకాండ అందరికీ తెలిసిందే. ప్రాణాలు దక్కించుకుందామని సరిహద్దు దాటి కృష్ణా జిల్లాకు వచ్చినవారున్నారు. భారత్‌లో చేరమని రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆ ఆగస్టులోనే చంపారు. రజాకార్లంటే ముస్లింలందరూ అనుకునే పిల్లలకు మేము ముందుగా చెప్పే పేరు ఇదే.

అయితే ఢిల్లీకి వేరే లెక్కలూ ఉన్నాయి. దేశం నడిబొడ్డున స్వతంత్ర రాజ్యం ఉండకూడదు. నిజాం పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇవ్వజూపడం అనుమానాలు పెంచింది. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో కమ్యూనిస్టులు బలపడుతున్నారు. రజాకార్లు పోయాక కూడా సైన్యం ఆ పల్లెల్లోనే ఉండి, 1951లో సాయుధ పోరాటం విరమించేదాకా రైతు దళాలను వేటాడింది. మనిషికి నియ్యత్ ఒకటి ఉండవచ్చు. ప్రభుత్వంలో ఉండేది ఒక్క మనిషి కాదు కదా!

1971లోనూ అంతే. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు వచ్చారు. వారి బాధా నిజమే, పాకిస్తాన్ బలహీనపడాలన్న కోరికా నిజమే. కానీ మన సైన్యం 1972 మార్చికల్లా బంగ్లాదేశ్ నుంచి తిరిగి వచ్చేసింది. 1979లో పోల్‌పాట్ పాలనను కూల్చిన వియత్నాం సైన్యం మాత్రం పదేళ్లు కంబోడియాలోనే ఉండిపోయింది.

అందుకే మేము వెళ్లేముందు చెప్పిన మాటల కంటే, గెలిచాక చేసిన పనులకే ఎక్కువ విలువ ఇస్తాం. హైదరాబాదులో గెలుపు తర్వాత భయం చేతులు మారింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నిరపరాధులైన ముస్లింలు ఊచకోతకు గురయ్యారు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం ఊరూరా తిరిగి, మృతులు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు సైతం దోపిడిలో పాలుపంచుకున్నారని రాసింది. విచారణకు మనుషుల్ని పంపడం ఒక మంచి ఉద్దేశానికి గుర్తు. వారు తెచ్చిన నివేదికను దశాబ్దాలపాటు ప్రచురించకపోవడం మరో ఉద్దేశానికి గుర్తు.

అదే నివేదికలో ఇంకో సంగతి కూడా ఉంది. ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన హిందువులు చాలాచోట్ల కనిపించారట. ముఖ్యంగా నేతపనివారు, తమతోపాటు మగ్గం నేసే ముస్లింలకు అండగా నిలబడ్డారు.